దీపానికి వచ్చిన ఇతరాలు

ఆస్పత్రి నుంచి మేము తిరిగి వచ్చేసరికి బాగా తెల్లవారింది. పెరట్లో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ముందురోజు సాయంత్రం మా ఆవిడ వెలిగించిన దీపం. ఎండలో అది వెలుగుతోందని తెలుస్తోంది గాని దాని వెలుగు కనబడడం లేదు.

"ఉండు బావా, స్విచ్ తీసేసి వస్తాను," అన్నాడు మా బావమరిది.

ఆ దీపాన్ని అమర్చింది అతనే. మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు అతనిది. ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ అక్క అడిగిందని ఒక పాత బకెట్‌కు గరాటు బిగించి, దాని మీద బల్బు వేలాడదీసి, లోపల గుడ్ల అట్టలు పేర్చి ఇచ్చాడు. దీపానికి వచ్చిన చిమ్మటలు, రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుకల్లాంటివి, గరాటులోంచి జారి అట్టల గుంటల్లో దూరి అక్కడే నిద్రపోయేవి. ప్రతి ఆదివారం పొద్దున్న ఆమె ఒక్కొక్క అట్టా పైకి తీసి, ఏ రకానివి ఎన్ని వచ్చాయో రాసుకుని, అన్నిటినీ మందార చెట్టు నీడలో వదిలేసేది.

అతను స్విచ్ తీసి వచ్చాడు. నేను ఇంట్లోకి వెళ్ళకుండా బకెట్ వైపు నడిచాను.

"అదెందుకు బావా ఇప్పుడు? లోపల అందరూ వచ్చి కూర్చున్నారు."

"ఎండ పడితే లోపలున్నవి చచ్చిపోతాయి," అన్నాను. అది నా మాట కాదు. ఎనిమిదేళ్ళుగా ఆదివారం పొద్దున్నే దుప్పటి తోసేసి లేస్తూ ఆమె అనే మాట.

చిమ్మటలను వదలడం తేలికగానే ఉంది. అట్టను చెట్టు కింద వంచితే ఆకుల్లోకి వెళ్ళిపోయాయి. బకెట్ అడుగున మాత్రం ఇంకేవో మిగిలాయి. గోధుమరంగు పెంకుపురుగులు, సన్న నడుం ఉన్న ఒక కందిరీగ, రెక్కలు తడిసిన ఉసిళ్ళు, పేరు తెలియనివి మరికొన్ని. చిమ్మటలు కానివి. వాటిని ఏం చేసేదో నేను ఎప్పుడూ అడగలేదు. బకెట్‌ను పక్కకు ఒరిగించి వచ్చేశాను. కాసేపటికి అవే పాకి పోయాయి.

ఆ వారం లెక్క ఎవరూ రాయలేదు.

*

పలకరింపులు తగ్గాక, వానలు మొదలైన మూడో వారంలో, సర్వే మేడమ్ ఫోన్ చేసింది. రాత్రి తిరిగే కీటకాల మీద సర్వే నడిపే ఆఫీసు ఒకటుంది. మా ఆవిడ లాంటి వాళ్ళు ఎక్కడెక్కడి పెరళ్ళ నుంచో వారం వారం పట్టికలు పంపుతారు. మా ఆవిడ పని ఆస్పత్రి ల్యాబులో. ముప్ఫై ఏళ్ళు రక్తపు చుక్కల్లోకి చూసిన కళ్ళు. సెలవురోజున ఆ కళ్ళకు ఇంకేదన్నా చూపించాలి కదా మాస్టారూ అనేది. నన్ను ఆమె కూడా మాస్టారనే పిలిచేది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కన మా అమ్మాయి కూర్చుని ఉంది.

"ఇలాంటప్పుడు అడగకూడదు మాస్టారూ. కానీ ఆవిడ ఉండుంటే మా మీద కేకలేసేవారు, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని," అంది సర్వే మేడమ్. "చిమ్మటల పట్టికలు మా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు దీపానికి వచ్చే ఇతరాల మీద పని మొదలుపెడుతున్నాం. అన్ని ఏళ్ళూ వారం తప్పకుండా వాటిని కూడా రాసింది ఆవిడ ఒక్కరే. ఆ చిత్తుకాగితాలన్నీ మాస్టారి దగ్గర భద్రంగా ఉన్నాయని రెండేళ్ళ కిందట నాతో అన్నారు. వానలు తగ్గేలోపు పంపితే చాలు."

"చూస్తాను," అన్నాను.

ఫోన్ పెట్టగానే మా అమ్మాయి లేచింది. "భద్రంగా అంటే నీ బీరువాలోనేగా నాన్నా?"

"చూడాలి."

ఆ వానాకాలం నేను ఆడిన అబద్ధం ఆ ఒక్క మాటే. చాలాసార్లు ఆడాను.

నా చేతిరాత బాగుంటుంది. అదేమీ గొప్ప కాదు, పాతికేళ్ళు నాలుగో తరగతి పిల్లల చేత గుండ్రంగా రాయిస్తే ఎవరికైనా వస్తుంది. ఆమె రాత డాక్టర్లతో తిరిగి పాడైంది. అందుకని ఆమె చిత్తు రాసి ఇచ్చేది, నేను సర్వే వాళ్ళ పట్టికలోకి సాపు రాసేవాణ్ణి. పట్టికలో చిమ్మటలకు వరసలున్నాయి. అట్టడుగున 'ఇతరాలు' అని బొటనవేలంత గడి ఒకటి. ఆమె చిత్తులో మాత్రం సగం కాగితం ఇతరాలే ఉండేవి. అవి కూడా ఎలా? 'పెళ్ళివారు – లెక్కలేదు. అలిగినది – 3. అద్దెకొచ్చినవాళ్ళు – 2. చాడీ – 1. దారి తప్పినవాడు – 1.' ఇలా ఉండేవి.

నేను వాటిని వేళాకోళం అనుకున్నాను. ఆఫీసు పట్టికలో వేళాకోళం రాయరు. 'ఇతరాలు' గడిలో 'కొన్ని' అని రాసి వదిలేసేవాణ్ణి.

మార్కులు రిజిస్టరుకు ఎక్కించాక పాత జవాబు పత్రాలు తగలబెట్టడం మా బడిలో ఆచారం. ఏటా వేసవి సెలవుల్లో పెరట్లో ఎండుటాకులు ఊడ్చి మంట పెట్టేవాణ్ణి. అందులోనే ఆ ఏడాది చిత్తుకాగితాలు కూడా వేసేవాణ్ణి. ఏడు వేసవులు ఆ పని చేశాను. చక్కగా, ఒక్క కాగితం మిగలకుండా చేశాను.

ఆమె ఒకే ఒక్కసారి అడిగింది. నిరుడు బడి తెరవబోయే ముందు.

"చిత్తుకాగితాలు ఎక్కడ పెట్టారు మాస్టారూ?"

"సాపు రాశాక చిత్తెందుకు?"

"అంతేలెండి," అంది. టీ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె ఇచ్చిన చిత్తుల్లో చిమ్మటలే ఉండేవి. వేళాకోళం మానేసిందనుకున్నాను. పని తగ్గిందని కూడా అనుకున్నాను.

*

మా అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. రెండు వీధుల అవతల కాపురం. ఆదివారాలు సెలవు. మూడు ఆదివారాలు బీరువా, మంచం కింది పెట్టెలు, కుట్టుమిషను సొరుగు అన్నీ వెతికింది. నేను కూడా పక్కన నిలబడి వెతికాను. అది గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగో ఆదివారం ల్యాబు అటెండరు వచ్చాడు. మేడమ్‌గారి లాకరులో ఉన్నాయంటూ ఒక సంచి ఇచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయాడు. సంచిలో పాత కళ్ళజోడు, శాలువా, టిఫిన్ బాక్సు, నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి.

మా అమ్మాయి పుస్తకం తెరిచింది. "అమ్మ రాతే. ఇదేంటి నాన్నా, పెళ్ళివారు, చాడీ, అద్దెకొచ్చినవాళ్ళు... ఇది పురుగుల లిస్టా, మన చుట్టాల లిస్టా?"

చేయి చాచాను. మొదటి పేజీలో తేదీ ఉంది. నిరుడు బడి తెరిచిన వారం. దాని కింద ఒక్క వాక్యం.

'చిత్తు లేదు. ఇకనుంచి ఇదే సాపు.'

"అంటే?" అంది మా అమ్మాయి.

"చిత్తు రాయకుండా నేరుగా పుస్తకంలోకే రాసుకుందన్నమాట."

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. పిల్లలు ఇలాంటి జవాబు చెబితే నేను సగం మార్కు వేస్తాను.

పుస్తకంలో ఏడాది పొడుగునా ప్రతి వారం లెక్క ఉంది. మొత్తం ఇరవై రెండు పేర్లు. బొమ్మల్లేవు, ఏది ఏదో వివరం లేదు. అక్కడక్కడ ఒక మాట, అర మాట. ఆమెకు తెలుసు కాబట్టి ఆమెకు అక్కర్లేదు.

"పేర్లు ఇలాగే పంపితే సర్వే మేడమ్ ఏం చేసుకుంటుంది?" అంది మా అమ్మాయి. "మనం కనుక్కుందాం. శనివారం దీపం పెడదాం, ఆదివారం వచ్చినవాటిని చూద్దాం. ఏది చాడీయో, ఏది పెళ్ళివారో తేలితే పాత కాగితాలు దొరికాక వాటిని కూడా మార్చి రాసేయొచ్చు. ఎనిమిదేళ్ళదీ అయిపోతుంది."

"అవును," అన్నాను.

*

బల్బు మార్చడానికి మా బావమరిది వచ్చాడు.

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారన్నా ఈ బకెట్ దగ్గరికి వచ్చావా బావా?"

"నేను సాపు రాసేవాణ్ణి."

"అదేలే. వంటింట్లోకి రాకుండా కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు."

"మామయ్యా, నువ్వూరుకో. నాన్న ఇప్పుడు వచ్చాడుగా," అంది మా అమ్మాయి.

"వచ్చాడు. దీపాలార్పే వేళకి," అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. స్క్రూడ్రైవరు కింద పడిందని చాలాసేపు గడ్డిలో వెతికాడు. అది అతని చొక్కా జేబులోనే ఉంది.

పెళ్ళివారు మొదటి వారమే తేలారు. శనివారం సాయంత్రం వాన పడింది. పొద్దున్న చూస్తే బకెట్ చుట్టూ గుట్టలుగా రెక్కలు. ఉసిళ్ళు.

"ఒక్కసారే ఊరంతా దిగి, గోల చేసి, విస్తళ్ళు వదిలేసి పోయారు," అన్నాడు మా బావమరిది. "మా అక్క పెళ్ళికి మీవాళ్ళు వచ్చినట్టే."

"మావాళ్ళు నలభైమందే."

"తిన్నది నాలుగువందలమంది తిండి."

అలిగినది తేలడానికి రెండు వారాలు పట్టింది. పుస్తకంలో దాని పక్కన ఒకచోట 'పలకరించకూడదు, తనే లేస్తుంది' అని ఉంది. సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పెంకుపురుగు అట్ట మీద వెల్లకిలా పడి, కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంది. చచ్చిందనుకున్నాను. మా అమ్మాయి దుకాణం నుంచి తెచ్చిన భూతద్దాన్ని కంటికి పెట్టుకుని దాని మీదికి వంగింది.

"ఎవరి మీదో అలిగినట్టు అటు తిరిగి పడుకుంది చూడు. దీన్ని తిప్పమంటావా?"

"పలకరించకూడదని రాసింది కదా."

ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. టిక్కుమంది. పురుగు జానెడెత్తు ఎగిరి, కాళ్ళ మీద పడి, ఏమీ జరగనట్టు నడిచి వెళ్ళిపోయింది. మా అమ్మాయి గట్టిగా నవ్వింది. వాళ్ళమ్మ పోయాక ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నేను పుస్తకం పక్కన పెట్టుకున్న, ఇరవై రెండు గడులు గీసిన కాగితంలో రాశాను. ఎర్ర సిరా పెన్ను తీయబోయి, మానేసి పెన్సిల్‌తో రాశాను.

దారి తప్పినవాడు నీటి పురుగు. వెనక కాళ్ళు తెడ్లలాగా ఉన్నాయి. గచ్చు మీద ఈదడానికి ప్రయత్నిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. రాత్రిపూట చెరువు మార్చే పురుగులు మెరిసేదాన్నల్లా నీళ్ళనుకుని దిగుతాయట. బడి లైబ్రరీలో కీటకాల పుస్తకం ఒకటి ఉంది. పదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకం. అందులో చదివాను.

అద్దెకొచ్చినవాళ్ళ గురించి కూడా అందులోనే చదివాను. మొదటిరోజు బకెట్ అడుగున చూసిన సన్న నడుం కందిరీగ లాంటిదే మళ్ళీ వచ్చింది. నారింజ రంగు ఒళ్ళు, పొడుగాటి మీసాలు. ఆ రకం కందిరీగ చిమ్మట గొంగళిపురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే ఉండి, లోపలే తిని, చివరికి ఇల్లుగలావిడ డొల్లను వదిలి బయటికి వస్తుంది.

పేజీ అలాగే తెరిచి పెట్టుకుని స్టాఫ్ రూములో కూర్చున్నాను. గంట కొట్టిన సంగతి కూడా తెలియలేదు. పురుగును చూస్తే రంగు కనబడుతుంది, నడుం కనబడుతుంది. ఇల్లు తినడం కనబడదు. తెలిసినవాళ్ళు మాత్రమే ఆ పేరు పెట్టగలరు. ఆమె పెట్టిన ఇరవై రెండు పేర్లలో ఒక్కటి కూడా వేళాకోళం కాదు. నేను అంతకుముందే ఆ సంగతి ఊహించి ఉండాల్సింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె తెలియకుండా అన్న మాట ఒక్కటీ నాకు గుర్తులేదు.

*

ఆ ఆదివారం మా అమ్మాయి అటక ఎక్కింది. మా బావమరిది నిచ్చెన పట్టుకున్నాడు.

"నెమ్మదే తల్లీ. మీ నాన్న అటక మీద మీ తాతగారి పళ్ళసెట్టు కూడా దొరుకుతుంది."

"పళ్ళసెట్టు లేదు గాని నా ఒకటో తరగతి పలక ఉంది మామయ్యా. నాన్న దేన్నీ పారెయ్యడు. ఇంకా రెండు పెట్టెలున్నాయి. కాగితాలు ఇక్కడే ఉంటాయి, చూడు."

నేను కింద నిలబడి ఉన్నాను. పైనుంచి దుమ్ము రాలుతోంది.

"కిందికి దిగమ్మా. అక్కడ లేవు," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"నేనే తగలబెట్టాను."

పైన పెట్టె జరిపే చప్పుడు ఆగింది.

"ఏ ఏడాదివి?"

"అన్నీ. ఏ ఏడాదివి ఆ ఏడాదే."

మా బావమరిది నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

మా అమ్మాయి రెండు మెట్లు దిగి ఆగింది. "అమ్మకు తెలుసా?"

నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీ తీసి పైకి అందించాను. ఆమె నిచ్చెన మీదే నిలబడి చదివింది. ఒక్క వాక్యమే కాబట్టి ఎక్కువసేపు పట్టకూడదు. చాలాసేపు పట్టింది.

"అయితే, నన్ను రెండు నెలలు వెతకనిచ్చావు," అంది.

"అవును."

పుస్తకం నా చేతిలో పెట్టింది. భూతద్దం జేబులో వేసుకుని, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయింది. మా బావమరిది నిచ్చెన మడిచి గోడకు ఆనించాడు.

"బావా, నీకు కోపం వచ్చేలా ఒకమాట అననా?"

"అను."

"ఏం లేదులే. అన్నం తిను," అని అతనూ వెళ్ళాడు.

*

తర్వాత రెండు ఆదివారాలు మా అమ్మాయి రాలేదు. శనివారం సాయంత్రం నేనే దీపం పెట్టాను, పొద్దున్న నేనే అట్టలు తీశాను. కళ్ళజోడు తీస్తే దూరం కనబడదు, పెట్టుకుంటే దగ్గర కనబడదు. గడ్డం బకెట్‌కు ఆనేదాకా వంగి చూసేవాణ్ణి. అక్షింతల పురుగులు దొరికాయి. ముట్టుకుంటే వేళ్ళకు కంపు అంటించిపోయే ఆకుపచ్చ అల్లిక రెక్కల పురుగు దొరికింది. దాన్ని ఆమె 'పట్టుచీర' అంది. 'దగ్గరికి పోతే తెలుస్తుంది' అని పక్కన రాసింది. దగ్గరికి పోయాక తెలిసింది.

రెండో ఆదివారం మెడ మీద ఏదో పాకితే చేత్తో తుడిచేశాను. చీమంత ఉంది, నారింజ, నలుపు చారలు. కుట్టలేదు, మండలేదు. మర్చిపోయాను. మర్నాడు మూడో పీరియడ్‌లో నల్లబల్ల మీద రాస్తుంటే మెడ భగ్గుమంది. మధ్యాహ్నానికి వేలంత పొడుగున బొబ్బలు లేచాయి.

"సార్, ఎవరో వాత పెట్టినట్టుంది సార్," అంది ముందు బెంచీలో ఒక పిల్ల.

సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ రోజు ఏమీ ఉండదు, మర్నాడు మంట. చాడీ.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఇంటికి వెళ్ళి ఆ గడి నింపాను.

మూడో ఆదివారం మా అమ్మాయి వచ్చింది. పెరటి తలుపు తోసుకుని నేరుగా బకెట్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "నీకోసం రాలేదు. పురుగుల కోసం వచ్చాను," అంది.

"మంచిది."

అట్ట తీసి చూస్తూ చూస్తూ తలెత్తింది. "మెడ మీద ఏంటది?"

"చాడీ."

"మర్నాడు మండిందా?"

"మూడో పీరియడ్‌లో."

నవ్వబోయి ఆపుకుంది. ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు మధ్యలో విరిగి వేరే చప్పుడైంది. నేను అట్టలు ఒక్కొక్కటే తీసి ఇస్తూ కూర్చున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, "మందు రాశావా?" అంది.

"రాశాను."

"సరే, రాసుకో. పచ్చదోమలు నలభై. వాటినేం అంది అమ్మ?"

"మేనత్తలు."

"నా పెళ్ళిలో పట్టుచీరలు కట్టుకుని మీ అక్కచెల్లెళ్ళు గెంతినట్టే గెంతుతున్నాయి. కరెక్టే."

కోపం పోయిందని నేను అనుకోలేదు. అలిగినదాన్ని పలకరించకూడదని అప్పటికి నేర్చుకున్నాను.

*

వానలు తగ్గేసరికి ఇరవై ఒక్క పేర్లు తేలాయి. మిగిలింది ఒకటే. దాని పేరు 'మాస్టారు'.

పుస్తకంలో అది తొమ్మిదిసార్లు వచ్చింది. ఎప్పుడు వచ్చినా ఒకటే. రెండోది ఎప్పుడూ లేదు. 'మాస్టారు – 1. దూరంగానే.' 'మాస్టారు – 1. కదల్లేదు.' 'మాస్టారు – 1. ఇవాళ కూడా రాడనుకున్నా.' చివరిది ఆమె పోవడానికి ముందు ఆదివారం. 'మాస్టారు – 1. కొంచెం దగ్గరికి.'

మొదట్లో మాకు అది ఆట. గొల్లభామ వస్తే మా అమ్మాయి, "ఇదే. చేతులు కట్టుకుని నిలబడి, నోరు తెరవకుండా అందర్నీ తినేస్తోంది," అంది. అది విని నేను నవ్వాను గాని ఆ వారమంతా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. బకెట్‌లో మిగతావాటిని తిని రెక్కలు మాత్రం మిగిల్చేది అదే. ఏడేళ్ళ కాగితాలు నావల్ల పోయాక ఆ పేరు నాకు తగినదే. కానీ తేదీలు కలవలేదు. గొల్లభామకు ఆమె వేరే పేరు పెట్టింది. పొడుగు కాళ్ళ దోమ అనుకున్నాం. అదీ కాదు.

చివరి ఆదివారం మా బావమరిది కూడా వచ్చాడు, దీపం విప్పి లోపల పెట్టడానికి. వైరు చుట్టుకుంటూ తొమ్మిది తేదీలూ మా అమ్మాయి చేత చదివించుకున్నాడు.

"అన్నీ వానాకాలమేనా?"

"కాదు మామయ్యా. చలికాలంలో కూడా ఉన్నాయి. అందుకే ఏ పురుగూ సరిపోవట్లేదు."

"ఆదివారం పొద్దున్నపూట నువ్వెక్కడుండేవాడివి బావా?"

"నిద్రపోయేవాణ్ణి. ఎప్పుడన్నా మెలకువ వస్తే టీ తీసుకుని ఆ తలుపు దగ్గర నిలబడేవాణ్ణి."

అతను తలుపు వైపు చూశాడు. అక్కణ్ణుంచి బకెట్ దాకా పది అడుగులుంటుంది.

"మా అక్క పురుగుల్నే లెక్కపెట్టిందంటావా?" అన్నాడు.

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తలేదు. అతను వైరు చుట్టడం పూర్తిచేసి, బల్బు కాగితంలో చుట్టి, బకెట్‌ను వసారాలోకి తీసుకెళ్ళాడు.

చివరి తేదీ ఆదివారం నాకు గుర్తుంది. ఆ రోజు నేను పెరట్లోకి దిగిన మాట నిజమే. పంచదార డబ్బా ఎక్కడుందని అడగడానికి నాలుగడుగులు వేశాను. ఆమె చేతిలో అట్ట ఉంది. తలెత్తి చూసి, "ఇటు రండి, ఒకటి చూపిస్తాను," అంది. టీ చల్లారిపోతుందన్నాను.

అయినా అది ఏ పురుగైనా కావచ్చు. ఒక్క వానాకాలం చూసి తేల్చగల సంగతి కాదు. రుజువు లేనిదాన్ని పట్టికలోకి ఎక్కించకూడదు.

సర్వే మేడమ్‌కు కవరు మొన్న పంపాను. ఈసారి సాపు రాయలేదు. మా ఆవిడ పుస్తకంలోని పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టు జిరాక్స్ తీయించి పెట్టాను. ఏ పేరు ఏ పురుగుదో చెప్పే జాబితా మా అమ్మాయి రాసింది. ఆమె రాత వాళ్ళమ్మ రాతే. పైన ఒక ఉత్తరం జతచేశాను. మొదటి ఏడేళ్ళ కాగితాలు నేను తగలబెట్టానని, వాటిలో ఉన్నది నాకు ముక్క కూడా గుర్తులేదని, పట్టికల్లో 'కొన్ని' అని ఉన్నచోటల్లా నా తప్పని రాశాను. ఉత్తరం మూడు వాక్యాలే. నాలుగుసార్లు చిత్తు రాశాను. ఆ నాలుగు కాగితాలూ ఉన్నాయి.

జాబితాలో ఇరవై రెండు గడులున్నాయి. ఇరవై ఒకటి నిండాయి. 'మాస్టారు' ఎదురుగా ఉన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.